కోటి దగ్గర ఆఖరి అంకె

దర్గామిట్టలో మా కొలతల గదికి ఒకటే కిటికీ.
దానికీ థర్మోకోలు అతికించాడు మస్తాన్ సారు,
ఎండ పెట్టెల్లోకి దూరకూడదని.
రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు.
రోళ్ళ సంగతేమో గానీ
కోటి హెర్ట్జ్ పక్కన, చుక్క తర్వాతి అంకె
చెదిరిపోవడం నేను కళ్ళారా చూశాను.

పాత ప్రమాణం చచ్చిపోయింది. కొత్తది కొనాలి.
టేబుల్ మీద రెండు కొటేషన్లు,
ఎగిరిపోకుండా పైన సైదాపురం తెల్లరాయి.

ఒకటి క్రిస్టల్.
చిన్న పొయ్యిలో ఎనభై డిగ్రీల దగ్గర
రాత్రింబవళ్ళు కాగుతూ వణికే పలుగురాయి బిళ్ళ.
రెండోది రుబీడియం.
సీసాలో ఇంత ఆవిరి, పక్కన దీపం,
సెకనుకి ఆరు వందల ఎనభై మూడు కోట్ల
నలభై ఆరు లక్షల ఎనభై రెండు వేల
ఆరు వందల పది మార్లు, పైన చిల్లర.
ఎవడు అమ్మినా అదే లెక్క.
పరమాణువుకి ఊరూ పేరూ లేదు.
ధర మాత్రం మూడింతలు.

"పరమాణువు ముసలిదవదు కదమ్మా" అన్నాడు సారు.
"నిజమే సార్, దీపం అవుతుంది."
పదేళ్ళకది మసకేస్తే
పొదలకూరు రోడ్డులో మార్చేవాడెవడు?

క్రిస్టల్‌కి ఆ దాపరికం లేదు.
రోజుకింత, రోజుకింత, ఒకే వైపుకి జరుగుతుంది.
పక్కకి వంచితే అలుగుతుంది.
కరెంటు పోతే పొయ్యి చల్లారి
మళ్ళీ దారికొచ్చేసరికి మూడు రోజులు.

మా అమ్మ పెంచలమ్మ
సైదాపురం షెడ్డులో ఇరవై రెండేళ్ళు అభ్రకం చీల్చింది.
కత్తి మొనతో పొర లేపి
రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మందం చెప్పేది.
సోమవారం సోమవారం మేస్త్రీ మైక్రోమీటరు తెచ్చి
ఆ వేళ్ళని సరిచూసేవాడు.
"నాకేంది మే సిగ్గు?
ఎంత తప్పతన్నానో నాకే తెలవకపోతే గదా సిగ్గు!"
వేళ్ళు మొద్దుబారాక కూడా
ఎంత మొద్దుబారాయో కలిపి చెప్పేది.

షెడ్డు వెనక దిబ్బ,
అభ్రకం ఏరుకుని పారబోసిన పలుగురాళ్ళు.
దాని మీద జారి గౌన్లు చించుకున్నాం.

చాలా ఏళ్ళకి ఒక జియాలజీ కుర్రాడు చెప్పాడు,
అభ్రకం పొరల్లో పొటాషియం చోట
అక్కడక్కడ రుబీడియం కూర్చుంటుందట,
అది తరిగిన లెక్క చూసి కొండ వయసు చెబుతారట.
అంటే అమ్మ చేతిలో ఒక గడియారం,
మా కాళ్ళ కింద ఇంకొకటి.
రెండూ ఒకే గుంతలోంచి తట్టల్లో పైకొచ్చాయి.
కూలి మాత్రం పొద్దు చూసి ఇచ్చేవాళ్ళు.

కొటేషన్ చివర చిన్నక్షరాల్లో ఇంకో సంగతి దొరికింది.
రుబీడియం పెట్టెలో కూడా పలికేది క్రిస్టలే.
పరమాణువు పక్కన కూర్చుని
శ్రుతి తప్పినప్పుడల్లా దగ్గుతుంది,
అంతే.

ఇంతకీ మా దగ్గరికొచ్చేవి ఏవి?
కృష్ణపట్నం పడవల వైర్‌లెస్ సెట్లు,
జువ్వలదిన్నె నుంచి ఉప్పు పేరుకున్న రేడియోలు.
వాయుగుండం పట్టిన రాత్రి
ఒకడి కేక పక్క ఛానల్లోకి జారిపోకూడదు.
కోటిలో ఒక వంతు తప్పినా సముద్రం పట్టించుకోదు.

ఫైల్లో రాశాను: క్రిస్టల్. బ్యాటరీ తప్పనిసరి.
ఆర్నెల్లకోసారి సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో
చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, వంచకుండా,
హైదరాబాదు తీసుకెళ్ళి
అక్కడి రుబీడియం పక్కన కూర్చోబెట్టాలి.

కారణం అన్న గడిలో
"తప్పుతుంది, ఎంత తప్పుతుందో చెబుతుంది" అని రాసి
కొట్టేసి
"ధర తక్కువ" అని రాశాను.

సారు కళ్ళజోడు పైకి తోసి రెండూ చదివాడు.
కొట్టేసినదాని కిందే
సంతకం పెట్టాడు.